ఒక్క లెన్స్‌తో టూర్ మొత్తం లాగించొచ్చా? కెమెరా ప్రశ్నలు, జవాబులు

ఎండలు ముదరకముందే తిరుగుళ్లు మొదలైపోయినట్టున్నాయి. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకదాని చుట్టూనే తిరుగుతున్నాయి, బ్యాగు నిండా లెన్సులు మోయకుండా ఒక్క జూమ్ పెట్టుకుని టూర్ అంతా తిరిగేయొచ్చా, అయితే ఏది కొనాలి అని. అందుకే మిగతావి వచ్చే సంచికకి ఆపి ఇవన్నీ ఒకచోట వేశాం. రేట్లు మాత్రం రాయట్లేదు, మేం రాసి ప్రెస్సుకి పంపేలోపే అవి మారిపోతున్నాయి.

ప్రశ్న: సార్, నా దగ్గర నికాన్ డి5600 ఉంది, కొన్నప్పుడే 18-55, 70-300 రెండు లెన్సులు కలిపి ఇచ్చారు. వచ్చే నెల అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని రైల్లో కాశీ, ప్రయాగరాజ్, అయోధ్య వెళ్తున్నాం. పోయినసారి సాగర్, ఎత్తిపోతల వెళ్లినప్పుడు లెన్స్ మార్చేలోపు తీయాల్సింది అయిపోవడం, మా ఆవిడ ఇంక ఆ డబ్బాలు బయటికి తీశారంటే ఊరుకోనని అరవడం, అదే గోల. షాపులో అడిగితే టామ్రాన్ 18-400 తీసేసుకోండి సార్ ఇంక జన్మలో వేరే లెన్స్ అక్కర్లేదు అంటున్నాడు. ఇంట్లో కూర్చుని చూస్తే నికాన్ వాళ్లవే 18-140, 18-200, 18-300 కనపడ్డాయి, టామ్రాన్‌లో 16-300 ఇంకోటి. బుర్ర పనిచెయ్యట్లేదు, ఏది కొనమంటారు?
– బ్యాంకు ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కొనే ముందు ఒక పని చెయ్యండి సార్, పైసా ఖర్చు లేదు. మీ సాగర్ ట్రిప్ ఫొటోలు కంప్యూటర్లో ఉంటాయి కదా, ఒక్కోదాని మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ అని ఉంటది, అందులోకి వెళ్తే ఆ ఫొటో ఎంత ఫోకల్ లెంగ్త్ దగ్గర తీశారో ఉంటది. లెన్స్ మీద రాసే 18, 55, 300 అవే, అంకె చిన్నదైతే ఎక్కువ మేర పడుద్ది, పెద్దదైతే దూరంది దగ్గరగా వస్తది. ఒక వంద ఫొటోలకి అలా చూసి కాగితం మీద రాసుకోండి. ఫ్యామిలీతో తిరిగేవాళ్లవి నేను చూసినంతవరకు ఎక్కువ ఫొటోలు 18కి, 60కి మధ్యే పడతాయి, ఆ తర్వాత అక్కడక్కడా ఒక 100, 120, చివర్లో కోతినో గోపురం కొసనో లాగినప్పుడు 300. మీవీ అలాగే ఉంటే షాపతను చెప్పే 400 నంబరు మీ పనికొచ్చేది కాదు. లేదూ, సగం ఫొటోలు 300 దగ్గరే ఉన్నాయంటే మీ సంగతి వేరు, కింద పక్షుల కోసం ఉప్పలపాడు వెళ్లే తమ్ముడికి రాసింది చదవండి.

ఇప్పుడు బరువు సంగతి. మీ దగ్గరున్న 18-55 ఏఎఫ్-పి లెన్స్ 205 గ్రాములు, 70-300 డీఎక్స్ (మీ కెమెరాలాంటి చిన్న సెన్సర్ రకం) వీఆర్ (చెయ్యి వణుకుని ఆపేది) 415 గ్రాములు, రెండూ కలిపితే 620. టామ్రాన్ 18-400 ఒక్కటే 700 గ్రాములు దాటుద్ది. అంటే బరువు తగ్గించుకుందామని రెండు లెన్సులు తీసేసి వాటి రెండింటికన్నా బరువైనది తగిలించుకుంటారు, పైగా ఆ రెండింట్లో ఒకటి బ్యాగులో ఉండేది, ఇది మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా మెడకే వేలాడుద్ది. మీ కెమెరా బాడీ బ్యాటరీతో కలిపి 465 గ్రాములు, ముందు లెన్సే దానికి ఒకటిన్నర రెట్లు బరువైతే ఎప్పుడు చూసినా కిందకి వాలుతూనే ఉంటది. నికాన్ 18-140 అయితే 490, 18-200 రెండో వెర్షన్ 565, 18-300లో ఎఫ్ 3.5-6.3 అని ఉన్నది 550 (ఈ ఎఫ్ అంకెలేంటో కింద లక్ష్మీపురం ప్రశ్నలో రాశాను). ఆ 18-300లోనే ఎఫ్ 3.5-5.6 అని ఇంకోటి ఉంది, 2012లో వచ్చింది, అది 830 గ్రాములు, పేరు ఒకేలా ఉంటది కాబట్టి బాక్సు మీద చిన్న అంకెలు చూసుకుని మరీ తీసుకోండి.

ఇంక అసలు విషయానికొస్తే, ట్రావెల్ జూమ్ కొనేవాళ్లందరూ రెండో అంకె వైపే చూస్తారు, 200, 300, 400 అని. నేనైతే మొదటి అంకె చూడమంటాను. మీకు దగ్గర్లోనే ఉండవల్లి గుహలున్నాయి కదా, ఒకసారి కెమెరా పట్టుకుని వెళ్లండి. లోపల అనంతపద్మనాభస్వామి పడుకుని ఉన్న పొడవాటి విగ్రహం ఎదురుగా నిలబడితే వెనక్కి జరగడానికి చోటుండదు, వెనక గోడ, పక్కన స్తంభం, మన వెనకే ఇంకో పది మంది. అక్కడ దూరంగా లాగే జూమ్ దేనికీ పనికిరాదు, తల పడితే పాదాలు పడవు, పాదాలు పడితే తల పడదు. మీ కెమెరాలో బొమ్మ పడే చిప్పు, అదే సెన్సర్, వెడల్పు 23.5 ఎంఎం, 4 మీటర్ల దూరం నుంచి 18 దగ్గర తీస్తే అటూ ఇటూ కలిపి 5 మీటర్ల పైచిలుకు పడుద్ది, అదే 16 దగ్గర తీస్తే 6 మీటర్లకి దగ్గరగా పడుద్ది. రెండు ఎంఎంలే కదా అనిపిస్తది గానీ కాశీ గల్లీల్లో మీకు అర్థమవుద్ది, నాన్నగారు అమ్మగారు పక్కపక్కన నిలబడి వెనక ఆ గల్లీ మొత్తం కనపడాలంటే ఆ రెండు ఎంఎంలే దిక్కు. అటు చివర 300 నుంచి 400కి వెళ్తే వచ్చేది ఎంతా అంటే బొమ్మ మూడో వంతు పెద్దదవుద్ది, అంతే. అది ఇంటికొచ్చాక అంచులు కోసి క్రాప్ చేసుకున్నా వచ్చేస్తది. ఫ్రేములో పడని అమ్మగారి భుజం మాత్రం క్రాప్ చేస్తే రాదు.

క్రాప్ అన్నాను కాబట్టి ఇంకో లెక్క. మీది 24 మెగాపిక్సెల్ కెమెరా. 140 దగ్గర తీసి అటూ ఇటూ సగానికి కోస్తే 280 దగ్గర తీసినట్టే బొమ్మ వస్తది, 6 మెగాపిక్సెల్ మిగులుద్ది, 12 అంగుళాలు బై 8 అంగుళాల ప్రింటు వేయించినా పర్లేదు, వాట్సాప్ గ్రూపులో బంధువులకి పంపడానికైతే చెప్పక్కర్లేదు.

ఇలాంటి లెన్స్ ఏదైనా సరే ఇడ్లీ నుంచి నూడుల్స్ దాకా అన్నీ ఒకే బోర్డు మీద రాసిన హోటల్ లాంటిది, ఆకలి తీరుద్ది, పెసరట్టు బాగా తినాలంటే మాత్రం ఇంకో చోటికి వెళ్తాం. 1992లో టామ్రాన్ 28-200 తెచ్చినప్పటి నుంచీ ఈ గొడవ ఉన్నదే. జూమ్ ఎన్ని రెట్లు పెరిగితే లోపల అన్ని రాజీలు పడాలి, అందుకే 18 దగ్గర గోడలు, స్తంభాలు కాస్త ఉబ్బినట్టు వంగుతాయి, చివర్లో లాగితే మూలలు మెత్తబడతాయి, తెల్లటి ఆకాశం ముందు కొమ్మల అంచుల్లో ఊదా రంగు గీతలు కనపడతాయి. జేపెగ్ తీసేవాళ్లకి గీతలు కెమెరానే చాలావరకు సరిచేస్తది, వంపులకి మెనూలో డిస్టార్షన్ కంట్రోల్ ఆన్ చేసుకోండి, కాకపోతే అది కంపెనీ లెన్సులకి బాగా పనిచేస్తది, బయటి కంపెనీవాటికి కంప్యూటర్లో చేసుకోవాల్సి రావొచ్చు.

కాశీలో అసలు పరీక్ష సాయంత్రం దశాశ్వమేధ ఘాట్ హారతి దగ్గర. వెలుతురుండదు, దీపాలు ఊగుతుంటాయి, జూమ్ లాగేకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు ఇంకా తగ్గిపోద్ది. లెన్స్‌లో వీఆర్ ఉంది కదా అనొద్దు, వీఆర్ మన చెయ్యి వణుకుని ఆపుద్ది గానీ పంతులుగారి చెయ్యిని ఆపలేదు కదా. దీనికి మందు ఒకటే, నికాన్ 35 ఎంఎం ఎఫ్ 1.8 జి డీఎక్స్, 200 గ్రాములు, గుప్పిట్లో పట్టుద్ది. అదే 35 దగ్గర జూమ్ లెన్స్ ఇచ్చే వెలుతురుకి ఇది అయిదారు రెట్లు ఎక్కువ ఇస్తది. సాయంత్రం రూము నుంచి బయల్దేరేటప్పుడే మార్చేసుకోండి, ఘాట్ దగ్గర జనంలో మార్చే పని లేదు, మీ ఆవిడ కూడా ఏమీ అనరు. హారతి తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపన్సేషన్ (ఫొటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగు) ఒక స్టాప్, అంటే సగం వెలుతురు, మైనస్‌లో పెట్టండి, లేకపోతే మంటలు తెల్లటి ముద్దల్లా వస్తాయి. 35 బదులు తక్కువలో వస్తదని పాత 50 ఎంఎం ఎఫ్ 1.8 డి అంటగడతారు, ఒద్దు, డి5600 బాడీలో ఫోకస్ మోటార్ లేదు, ఆ లెన్స్‌లోనూ లేదు, ఫోకస్ చేత్తో తిప్పుకుంటూ కూర్చోవాలి.

తేల్చి చెప్పమంటే, మీకు 18-140, దాంతోపాటు ఆ 35. పడవలోంచి ఘాట్లు తీయడానికి 140 చాలు. లేదు సార్ నాకు దూరం కావాల్సిందే అంటే 550 గ్రాముల 18-300 తీసుకోండి. టామ్రాన్ 16-300 మంచి కండిషన్లో దొరికితే మీలాంటి యాత్రలకి అది కూడా మంచిదే, 540 గ్రాములు, నేను పైన చెప్పిన 16 దాంట్లో ఉంది. మీలాంటి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే) కెమెరాల లెన్సులు షాపుల్లో తగ్గిపోతున్నాయి కాబట్టి ఏది ముందు దొరుకుద్దో కూడా చూసుకోవాలి. ఇంకోటి, కాశీ విశ్వనాథుడి గుడిలోకి కెమెరా, ఫోన్ తీసుకెళ్లనివ్వరు, మన ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుళ్లోలాగే, కాబట్టి దర్శనం రోజు పొద్దున కెమెరా రూములోనే పెట్టి వెళ్లండి, లాకర్ల కోసం పరిగెత్తే పని తప్పుద్ది.

ప్రశ్న: అన్నా, నాది కెనాన్ 200డి మార్క్ 2, కిట్ లెన్స్ 18-55 ఉంది. ప్రతి ఆదివారం ఉప్పలపాడు వెళ్తా, చలికాలంలో కొల్లేరు కూడా. 18-400 కొంటే పక్షులకీ టూర్లకీ రెండింటికీ పనికొస్తదని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇంట్లో ఒక్కసారే అడగ్గలను, మళ్లీ అడిగితే కెమెరానే అమ్మేయమంటారు.
– బీటెక్ మూడో సంవత్సరం, గుంటూరు

జవాబు: తమ్ముడూ, ఒక్కసారే అడిగే ఛాన్స్ ఉంటే 18-400 కన్నా కెనాన్ 55-250 ఐఎస్ (నికాన్ వీఆర్ లాంటిదే) ఎస్‌టీఎం అడుగు, తక్కువలో అయిపోద్ది, ఇంట్లో వాళ్లు కూడా పెద్దగా తిట్టరు. 375 గ్రాములు. కెనాన్ క్రాప్ కెమెరాలకి, అంటే ఫిల్మ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్నవాటికి, 1.6తో లెక్కేస్తారు కదా, 250 అంటే ఫిల్మ్ కెమెరా లెక్కలో 400 అన్నమాట. ఉప్పలపాడు చెరువులు చిన్నవి, గట్టు మీద నిలబడితే చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని కిక్కిరిసి ఉంటాయి, 250 దగ్గర గూట్లో పిల్లకి తల్లి నోట్లో నోరు పెట్టి తినిపించేది కూడా చక్కగా వస్తది. అక్కడ లెన్స్ మార్చే అవసరం కూడా లేదు, వెళ్లేటప్పుడే పెట్టుకుని వెళ్తావు, వచ్చేదాకా అదే.

18-400 చెడ్డదని కాదు, 2017లో వచ్చినప్పుడు అంత రేంజి ఉన్న డీఎస్ఎల్ఆర్ లెన్స్ ఇంకోటి లేదు, కెనాన్ మీద 400 అంటే 640 అవుద్ది, కొల్లేట్లో ఆటపాక దగ్గర బోటులో వెళ్లేటప్పుడు దూరంగా నీళ్ల మీద ఉన్నవాటికి అది కలిసొస్తది. కానీ 400 దగ్గర అపర్చర్, అంటే లెన్స్ తెరుచుకునే కంత, ఎఫ్ 6.3, వెలుతురు తక్కువ. ఎగిరే పక్షిని ఆపాలంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతు, 1/1000 అన్నా ఉండాలి, మబ్బు పట్టిన రోజునో, పొద్దున ఆరున్నరకో ఆ అపర్చర్‌తో అంత షట్టర్ పెడితే ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో బొమ్మని వెలుగు చేసే సెట్టింగు) ఎక్కడికో పోద్ది, ఈకల్లో ఉన్న సన్నటి గీతలన్నీ ఇసక చల్లినట్టయిపోతాయి. ఆ టైములో ఫోకస్ కూడా ముందుకీ వెనక్కీ వెతుక్కుంటా ఉంటది. ఇంకొకటి ఎవరూ చెప్పరు, ఈ పెద్ద జూములు చాలావాటిలో దగ్గర వస్తువు మీద ఫోకస్ పెడితే రేంజి లోపల్లోపల తగ్గిపోద్ది. నికాన్ 18-200 గురించి అప్పట్లో అందరూ ఇదే అన్నారు, దగ్గరున్నదాని మీద పెడితే 200 దగ్గర కూడా 135 లెన్స్ లాగే కనపడుద్దని. కాబట్టి బారల దూరంలో ఉన్న సీతాకోకచిలకకి పెట్టి ఇదేంటి 400 లేదే అనుకోవద్దు.

మన ఎండల్లో ఇంకో తంటా, పది దాటాక నీళ్ల మీద, మట్టి గట్ల మీద వేడి గాలి లేస్తది, దూరంగా ఉన్నవి అలలు అలలుగా కదులుతుంటాయి, అప్పుడు 400 ఏంటి 600 పెట్టినా మసకే. దాన్ని ఏ లెన్సూ సరిచెయ్యలేదు. పొద్దున్నే వెళ్లి దగ్గరగా ఉన్నవాటితో పని కానిచ్చేయ్, తొమ్మిదిన్నరకి టిఫిన్‌కి వచ్చేయ్. టూర్లకి నీ 18-55 ఉంది కదా, ఇప్పుడప్పుడే దాన్ని తీసెయ్యక్కర్లేదు.

ప్రశ్న: లెన్స్ మీద 3.5-6.3 అని రాసి ఉంటది, రెండు అంకెలు ఎందుకు? ఒకటే అంకె ఉన్నవి ఎందుకంత ఖరీదు?
– గృహిణి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: మొదటిది జూమ్ లాగకుండా ఉన్నప్పుడు, రెండోది పూర్తిగా లాగినప్పుడు లెన్స్ ఎంతవరకు తెరుచుకోగలదో చెప్తాయండి. అంకె చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు. 3.5 నుంచి 6.3కి వచ్చేసరికి లోపలికొచ్చే వెలుతురు మూడో వంతుకి పడిపోద్ది. మిట్ట మధ్యాహ్నం బీచ్‌లో మీకు తేడానే తెలీదు, సాయంత్రం ఫంక్షన్ హాల్లో స్టేజి మీద పిల్లని వెనక కుర్చీల్లోంచి జూమ్ చేసి తీశారా, అప్పుడు తెలుస్తది, మొహం అలికినట్టు వస్తది. 2.8 అని ఒకటే అంకె ఉన్నవి ఎంత జూమ్ లాగినా అలాగే తెరిచి ఉంచుతాయి, దానికి లోపల గ్లాసు పెద్దది కావాలి, అందుకే బరువూ ఖరీదూ. స్టేజి ఫొటోలకి లేచి రెండు వరసలు ముందుకి వెళ్లడం అన్నిటికన్నా చవక.

ప్రశ్న: బెజవాడలో తెలిసినాయన దగ్గర నికాన్ 18-200 వీఆర్ సెకండ్ హ్యాండ్ ఉంది, బాగా తక్కువకి ఇస్తానంటున్నాడు. ఏం చూసి తీసుకోవాలి? నాది డి5300.
– మొబైల్ షాపు, తెనాలి

జవాబు: ముందు ఏ 18-200 అన్నది చూడండి. నికాన్ వాళ్లది 2005లో మొదటిది, 2009లో రెండోది వచ్చాయి, రెండోదానికి జూమ్ జారకుండా లాక్ స్విచ్ ఉంటది. మొదటిదానికి లేదు, వాడిన లెన్స్ అయితే మెడలో వేసుకుని నడుస్తుంటేనే గొట్టం దానంతటదే సాగి కిందకి వచ్చేస్తది. మెడలో వేసుకుని నాలుగడుగులు వేసి చూడండి, తెలిసిపోద్ది. అలా జారినంతమాత్రాన ఫొటో పాడవదు గానీ, కొండ ఎక్కేటప్పుడు మెట్టుకి తగులుద్ది. ఆయన చెప్పేది టామ్రాన్ 18-200 అయితే మాత్రం జాగ్రత్త, నికాన్‌కి వచ్చిన పాత టామ్రాన్ 18-200లో మోటార్ లేని వెర్షన్ ఒకటుంది, మీ డి5300 బాడీలో కూడా మోటార్ లేదు కాబట్టి ఆటోఫోకస్ అసలు పనిచెయ్యదు.

తర్వాత ఫంగస్, అంటే గ్లాసు మీద పట్టే బూజు. కృష్ణ ఒడ్డున గాలిలో చెమ్మ మామూలుగా ఉండదు, వానాకాలం రెండు మూడు నెలలు లెదర్ కవర్లో పెట్టి బీరువాలో మర్చిపోయిన లెన్స్ ఎలా ఉంటదో మీరు కూడా చూసే ఉంటారు. ముందు మూత, వెనక మూత రెండూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి, నిటారుగా చూస్తే కనపడదు. దుమ్ము చుక్కలు కనపడతాయి, వాటికి భయపడొద్దు, గొట్టం ముందుకీ వెనక్కీ సాగే ప్రతి లెన్స్ గాలితోపాటు దుమ్మునీ లాక్కుంటది, ఫొటోలో అవి కనపడవు. కానీ సాలెగూడు తీగల్లాగా సన్నటి తెల్ల పోగులు ఒక మూల నుంచి పాకుతున్నట్టు ఉంటే అది ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా ఒద్దు, క్లీనింగ్‌కి ఇచ్చే డబ్బులు కలిపితే లాభం పోద్ది, పైగా గ్లాసు మీద కోటింగ్ తినేసి ఉంటే క్లీన్ చేసినా మచ్చ పోదు. వెనక వైపు అపర్చర్ రేకుల మీద నూనె తడి మెరుస్తుందేమో కూడా చూడండి.

మీ కెమెరాకి తగిలించి, ఎదురుగా ఇటుక గోడ గానీ, గోడకి అంటించిన న్యూస్ పేపర్ గానీ తీయండి, 18 దగ్గర ఒకటి, 70 దగ్గర ఒకటి, 200 దగ్గర ఒకటి. పెద్దది చేసి నాలుగు మూలలు చూడండి. నాలుగూ కాస్త మెత్తగా ఉంటే ఆ లెన్స్ స్వభావం అనుకోవచ్చు, ఎడమ పక్క అక్షరాలు చదవగలిగి కుడి పక్కవి అలికేసినట్టు ఉంటే లోపల గ్లాసు పక్కకి జరిగిందని అర్థం, ఎప్పుడో కింద పడి ఉండొచ్చు. వీఆర్ ఆన్ చేసి షట్టర్ సగం నొక్కి పట్టుకుంటే చిన్న రొద వినపడుద్ది, వ్యూఫైండర్లో బొమ్మ కాస్త నిలదొక్కుకున్నట్టు కనపడాలి, ఎగిరి గంతేస్తుంటే వీఆర్ పోయినట్టే. ఇవన్నీ బాగుంటే తీసేసుకోండి, బేరం మాత్రం ఆడండి, పదిహేనేళ్లు దాటిన మోడల్ అది.

కొన్నాక లెదర్ కవర్ పారేసి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టండి. రంగు మారే సిలికా జెల్ అయితే ఎప్పుడు మార్చాలో కనపడుద్ది. డబ్బాలో చిన్న తేమ మీటర్ పెట్టుకుంటే ఇంకా మంచిది, 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. మరీ ఎండబెట్టడం కూడా మంచిది కాదు, రబ్బరు రింగులు గట్టిపడతాయి. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెప్తే వినొద్దు, తవుడంతా జూమ్ గొట్టంలోకి పోద్ది.

ప్రశ్న: కెనాన్ ఆర్50 మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని రకం) కొన్నాను. పాత కెనాన్‌ది 18-135 ఎస్‌టీఎం లెన్స్ నా దగ్గరే ఉంది. అడాప్టర్ కొని అదే వాడనా, లేక ఆర్50కి వచ్చే 18-150 కొననా? మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ తెస్తానంటున్నాడు.
– రిటైర్డ్ ఉద్యోగి, గన్నవరం

జవాబు: అడాప్టర్‌తో మీ పాత 18-135 బ్రహ్మాండంగా పనిచేస్తదండీ, ఆటోఫోకస్‌కి ఢోకా లేదు, లెన్స్‌లో ఉన్న ఐఎస్ కూడా పనిచేస్తది. కాకపోతే లెన్స్ 480, అడాప్టర్ 110, మొత్తం 590 గ్రాములు, ముందు పొడుగ్గా తయారవుద్ది. కొత్త ఆర్ఎఫ్-ఎస్ 18-150 ఒక్కటే 310 గ్రాములు. 375 గ్రాముల చిన్న కెమెరా కొనుక్కున్నది బరువు తగ్గాలనే కదా, మళ్లీ దాని ముందు అర కిలో దాటిన గొట్టం ఎందుకు? 18-150 తెప్పించుకోండి, పాతది అమ్మేయండి. కొత్తది చివర్లో ఎఫ్ 6.3 అవుద్ది, పాతది 5.6, ఆ కాస్త తేడా మీకు పెద్ద లెక్కలోది కాదు. ఆర్50 బాడీలో సెన్సర్‌ని కదిపి వణుకు ఆపే స్టెబిలైజేషన్ లేదు, కాబట్టి ఏ లెన్స్ కొన్నా దాంట్లో ఐఎస్ ఉండేలా చూసుకోండి, జూమ్ లెన్స్‌కి అది తప్పనిసరి.

అమెరికా నుంచి తెప్పించేది మాత్రం అక్కడి వారంటీ ఇక్కడ చాలావరకు చెల్లదు. రేటులో తేడా బాగా ఉంటేనే తెప్పించుకోండి, రెండు మూడు వేలే అయితే ఇక్కడే బిల్లుతో, ఇండియా వారంటీ కార్డుతో కొనుక్కోవడం మేలు. ఇక్కడ కూడా బిల్లు లేకుండా తక్కువకి ఇచ్చేవాళ్లుంటారు, అది కూడా వారంటీ లేని సరుకే.

ఇదే ప్రశ్న వేరే కెమెరాలకి అడిగినవాళ్లకి ఇక్కడే చెప్పేస్తున్నా. నికాన్ జెడ్50 వాళ్లకి 18-140, 315 గ్రాములు. సోనీ 6400 లాంటివాటికి సోనీ 18-135, 325 గ్రాములు, ఇంకా దూరం కావాలంటే టామ్రాన్ 18-300, అది 620. ఫుజీ వాళ్లకి కూడా ఆ టామ్రాన్ దొరుకుద్ది. ఫుల్ ఫ్రేమ్ (ఫిల్మంత పెద్ద సెన్సర్ ఉన్న) నికాన్ జెడ్ ఉన్నవాళ్లు 24-200 చూడండి, 570 గ్రాములకి అది చాలా మంచి లెన్స్. 28-400 అని 2024లో ఒకటి వచ్చింది గానీ చివర్లో ఎఫ్ 8, పగటి లెన్స్ అనుకోండి.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకయ్యా, ఫోన్లోనే 100 ఎక్స్ జూమ్ వస్తోంది కదా? మా మనవడి ఫోన్లో చంద్రుడు కూడా పడ్డాడు.
– విశ్రాంత హెడ్‌మాస్టరు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, ఆ 100లో నిజంగా అద్దాలతో వచ్చేది కొంతే. సామ్‌సంగ్ ఎస్24 అల్ట్రాలో 5 ఎక్స్ దాకా అద్దాల జూమ్, ఆ పైన ఉన్నదాన్ని కోసి, సాఫ్ట్‌వేర్‌తో గీతలు దిద్ది పెద్దది చేస్తది. కాశీ యాత్రలో మనుషుల ఫొటోలకి, గుళ్ల ఫొటోలకి ఫోన్ హాయిగా చాలు, ఈ విషయంలో మీతో వాదన లేదు. కొండ మీద కోతినో, బ్యారేజీ మీద కొంగనో తీసి ఆల్బమ్ సైజు ప్రింటు వేయిస్తే అప్పుడు తేడా కనపడుద్ది. లెన్సులు మార్చే గొడవే ఒద్దు, దూరం బాగా కావాలి అనేవాళ్లకి లెన్స్ ఊడిరాని బ్రిడ్జి కెమెరా అని ఇంకో దారి ఉంది. నికాన్ పి1000 అని ఫిల్మ్ కెమెరా లెక్కలో 24 నుంచి 3000 ఎంఎం దాకా లాగుద్ది, చంద్రుడి మీద గుంటలు లెక్కపెట్టుకోవచ్చు, కానీ సెన్సర్ గోరంత, బరువేమో కిలో నాలుగొందలు. మనవడిని మొయ్యమనండి.

ప్రశ్న: వరదలప్పుడు ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే తీద్దామని ప్రతిసారీ వెళ్తాను, లెన్స్ మీద తుంపర పడి అన్నీ మసక. ట్రావెల్ జూమ్‌కి ఫిల్టర్ వేసుకోవాలా?
– ఆటో డ్రైవర్, సీతానగరం

జవాబు: అన్నా, తుంపరకి ఫిల్టర్ కన్నా హుడ్, అదే లెన్స్ ముందు తగిలించే ప్లాస్టిక్ తొడుగు, ముఖ్యం, చాలామంది దాన్ని తిరగేసి లెన్స్‌కే పెట్టుకుని తిరుగుతారు, సరిగ్గా తగిలించు. గాలి నీ వీపు మీదకి వచ్చేలా నిలబడే చోటు చూసుకో. పోలరైజర్ ఫిల్టర్ వేస్తే నీళ్ల మీద మెరుపు తగ్గి గేట్ల దగ్గర నురగ బాగా కనపడుద్ది గానీ వెలుతురు ఒకటిన్నర రెండు స్టాపులు తినేస్తది, మబ్బు రోజున తీసెయ్. కొనేముందు నీ లెన్స్ ముందు సున్నాకి అడ్డగీత కొట్టినట్టుండే గుర్తు (ø) పక్కన 55, 67, 72 అని ఏది రాసి ఉందో చూసి అదే సైజు అడుగు. ఫుట్‌పాత్ సిమెంటు గోడ మీద మోచేతులు ఆనించి తియ్యి, బస్సు వెళ్లేటప్పుడు మాత్రం ఆగు, బ్యారేజీ మొత్తం సన్నగా అదురుద్ది, 200 దగ్గర ఆ అదురు ఫొటోలో కనపడుద్ది. జేబులో పాత నూలు పంచె ముక్క ఒకటి పొడిగా పెట్టుకో, చొక్కా అంచుతో మాత్రం తుడవొద్దు.